సాయిల్ మాయిశ్చర్ ప్రోబ్ క్యాలిబ్రేషన్‌కి మట్టి శాంపిళ్లు రెడీ చేసుకోవడం ఎలా: ఎర్ర చల్కకి ఒక దారి, నల్లరేగడికి ఇంకో దారి

డ్రిప్ ఆటోమేషన్ కోసం ఈఎస్‌పీ32 బోర్డుకి (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్) మట్టి తేమ చెప్పే కెపాసిటివ్ సెన్సార్ కట్టుకునేవాళ్లు ఇప్పుడు ఊరికి ఒకరిద్దరు ఉంటున్నారు, అందులో ఎక్కువమంది చేసేది ఒకటే, సెన్సార్ గాలిలో పట్టుకుంటే వచ్చిన నంబర్ 0%, గ్లాసు నీళ్లలో ముంచితే వచ్చిన నంబర్ 100%, మధ్యలో స్ట్రెయిట్ లైన్, అయిపోయింది క్యాలిబ్రేషన్, అంటే సెన్సార్ నంబర్‌ని తేమ శాతంగా మార్చే లెక్క. అట్లా వచ్చే పర్సెంటేజ్‌కి మట్టితో సంబంధమే లేదు. మట్టిలో దాదాపు సగం రాయి పొడే కాబట్టి పూర్తిగా నీళ్లతో నిండినా ఎర్ర నేలలో 43% దాటదు, రేగడిలో 55% దాకా పోవచ్చు, 100% అనేది పొలంలో ఎప్పటికీ రాదు. పైగా ఈ సెన్సార్ నేరుగా నీళ్లని కొలవదు, చుట్టూ ఉన్న పదార్థం డైఎలక్ట్రిక్ విలువని (విద్యుత్ క్షేత్రంలో ఆ పదార్థం ఎంత ఛార్జ్ దాచుకోనిస్తదో చెప్పే నంబర్) పట్టుకుంటది, గాలికి 1, ఎండిన మట్టికి 3 నుంచి 5, నీటికి 80 దగ్గర. ఆ మూడూ ఏ పాళ్లలో కలిసి ఉన్నాయో దాన్నిబట్టి నంబర్ మారుతది, మట్టి ఎంత గట్టిగా అదిమి ఉందో దాన్నిబట్టి కూడా మారుతది.

అందుకే కోడ్ రెండు లైన్ల పని, అసలు పనంతా శాంపిల్ దగ్గరే ఉంది. మట్టిని సరిగ్గా తయారు చేసుకుంటే మూడొందల లోపు సెన్సార్ కూడా ఇరిగేషన్‌కి పనికొచ్చే లెక్క ఇస్తది.

ముందు రెండు లెక్కలు తెలియాలి. బరువు లెక్కన తేమ అంటే తడి బరువులోంచి పొడి బరువు తీసేసి, మిగిలినదాన్ని పొడి బరువుతో భాగించడం, తడి బరువుతో కాదు, చాలామంది ఇక్కడే తప్పుతారు. ఘనపరిమాణం లెక్కన తేమ అంటే ఆ బరువు తేమని మట్టి సాంద్రతతో, అంటే బల్క్ డెన్సిటీతో గుణించడం. సెన్సార్‌కి కావాల్సింది ఈ రెండోది. 20% బరువు తేమ ఉన్న మట్టి సాంద్రత 1.2 అయితే 24%, 1.5 అయితే 30%. బరువు తేమ ఒకటే, జవాబు మాత్రం 6 పాయింట్లు తేడా, అదే డ్రిప్ ఆన్ చేయాలా వద్దా అన్నది తేల్చేస్తది.

కావాల్సిన సామాన్లు

0.1 గ్రాము చూపించే తూకం మెషిన్ ఒకటి, పది కిలోల దాకా తూచేది ఇంకోటి (5 గ్రాముల తేడా చూపిస్తే చాలు). ఓవెన్‌లో పెట్టే చిన్న అల్యూమినియం డబ్బాలు మూతలతో సహా. కోర్, అంటే నేలలో ఉన్నది ఉన్నట్టే కోసిన మట్టి ముక్క, తీయడానికి ఇనప రింగ్, సుమారు 5 సెం.మీ. వ్యాసం 5 సెం.మీ. ఎత్తు ఉన్న పైపు ముక్క తీసుకుని ఒక అంచుని బయటి వైపు నుంచి పదును పెట్టించండి. సివిల్ పనులు చేసేవాళ్ల దగ్గర ఐఎస్ 2720 (మట్టి పరీక్షల భారత ప్రమాణం) ప్రకారం చేసిన కోర్ కట్టర్ ఉంటది, 100 మి.మీ. వ్యాసం, 130 మి.మీ. ఎత్తు, లోపల దాదాపు 1000 సీసీ, అది దొరికితే ఇంకా మంచిది. 2 మి.మీ. జల్లెడ (దోమల మెష్ కొంచెం సన్నమే గానీ పని నడుస్తది, ఇసుక జల్లెడ మాత్రం వద్దు), టార్పాలిన్, చెక్క సుత్తి, మందమైన ప్లాస్టిక్ కవర్లు, 4 లీటర్లు పట్టే నిటారు గోడల డబ్బా. అడుగు సన్నగా పైన వెడల్పుగా ఉండే మామూలు బకెట్ అయినా పర్లేదు, కానీ ఏదైనా సరే లోపల లీటరు లీటరు నీళ్లు పోసి మార్కర్‌తో నాలుగు గీతలు గీసుకోవాలి, ఆ గీతలే తర్వాత మన ప్రాణం.

మట్టి ఎక్కడ తీయాలి

భూసార పరీక్షకి తీసినట్టు పొలమంతా తిరిగి పది చోట్ల తీసి కలపడం ఇక్కడ పనికిరాదు. సెన్సార్ ఏ లోతులో కూర్చోబోతుందో ఆ లోతు మట్టే కావాలి. పైన 15 సెం.మీ. వదులుగా ఇసుక శాతం ఎక్కువగా ఉండి, కింద 30 దగ్గరికి వచ్చేసరికి బంక మట్టి, మొరం కలిసి ఉండటం చల్క నేలల్లో మామూలే, పై మట్టితో క్యాలిబ్రేట్ చేసి కింద పెడితే రెండు వేర్వేరు నేలల లెక్క అవుతది. రెండు లోతుల్లో సెన్సార్లు పెడుతుంటే రెండు శాంపిళ్లు, తప్పదు. ఒకే కమతంలో నేల మారిపోవడం మన దగ్గర కొత్తేం కాదు, పటాన్‌చెరులో వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ క్యాంపస్‌లోనే ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. రంగు మారితే శాంపిల్ మార్చండి.

గట్టు పక్కన, పెంట కుప్ప వేసిన చోట, ఎరువు బస్తాలు దించిన చోట తీయకండి. ఒక్కో శాంపిల్‌కి 8 నుంచి 10 కిలోలు తెచ్చుకోండి, తక్కువ తెస్తే మళ్లీ పోవాలి.

తవ్వకముందే, నేల కదలకముందే కోర్ తీయాలి, ఈ వరుస మార్చొద్దు. సెన్సార్ పెట్టబోయే లోతు దాకా పై మట్టి పక్కకి తీసి, చదును చేసి, రింగ్ పెట్టి పైన చెక్క ముక్క ఆనించి సుత్తితో మెల్లగా దించండి. రింగ్ అంచు మట్టితో సమానం అయ్యాక ఆపేయాలి, ఇంకా కొడితే లోపల మట్టి అణిగిపోయి సాంద్రత ఎక్కువ చూపిస్తది. చుట్టూ తవ్వి రింగ్‌ని కింద నుంచి ఎత్తి, రెండు వైపులా కత్తితో సమంగా కోసి కవర్‌లో వేసి మూతి కట్టేయండి. మూడు కోర్లు తీస్తే సగటుకి నమ్మకం ఉంటది. నేల మరీ ఎండి ఉంటే రింగ్ దిగదు, దిగినా మట్టి పగిలిపోతది, తడిపెట్టి రెండు రోజులు ఆగి తీయడం నయం.

5 సెం.మీ. వ్యాసం 5 సెం.మీ. ఎత్తు రింగ్‌లో 98 సీసీ మట్టి పడుతది. ఓవెన్‌లో ఎండాక 147 గ్రాములు తూగితే సాంద్రత 1.5. ఈ నంబర్ రాసి పెట్టుకోండి, డబ్బాలో మట్టిని మళ్లీ ఇదే సాంద్రతకి నింపబోతున్నాం.

ఆరబెట్టడం, నలగ్గొట్టడం

టార్పాలిన్ మీద పల్చగా పరిచి నీడలో ఆరబెట్టండి, ఎర్రమట్టి రెండు మూడు రోజుల్లో, రేగడి వారం దాకా. రేగడి పెద్ద గడ్డలుగా ఎండిపోతే తర్వాత సుత్తి విరుగుద్ది గానీ గడ్డ పగలదు, కాబట్టి సగం ఆరిన స్టేజ్‌లోనే చేత్తో చిదిపేస్తే సుఖం. చెక్క సుత్తితోనే కొట్టండి, ఇనప సుత్తితో దంచితే ఇసుక రేణువులు, మొరం ముక్కలు కూడా పొడైపోయి మట్టి స్వభావమే మారిపోతది. గడ్డలు పగలాలి, రాళ్లు కాదు.

వేర్లు, ఆకులు ఏరేసి జల్లెడ పట్టండి. పైన మిగిలిన గులకరాళ్లని పారేయకుండా తూచండి. మొత్తం బరువులో నూటికి ఐదు కంటే తక్కువ ఉంటే వదిలేయొచ్చు. ఎక్కువ ఉంటే ఆలోచించాలి, ఎందుకంటే పొలంలో ఆ రాళ్లు సెన్సార్ చుట్టూ జాగా ఆక్రమిస్తాయి గానీ నీళ్లు పట్టవు, రాళ్లు తీసేసిన మట్టితో చేసిన లెక్క అక్కడ కుదరదు. అట్లాంటి మొరం నేలకి కింద రేగడికి చెప్పబోయే పొలం పద్ధతే వాడండి.

మట్టి మొత్తాన్ని ఓవెన్‌లో పెట్టి ఎండబెట్టాలా అని అడుగుతుంటారు. వద్దు. 105 డిగ్రీల్లో ఎండిన మట్టి తర్వాత నీళ్లని సమంగా పీల్చదు, పైపైన ఉండలు కడతది, రేగడిలో అయితే ఇంకా ఎక్కువ. గాలికి ఆరిన మట్టితోనే పని చేసి, అందులో ఎంత తేమ మిగిలుందో చిన్న శాంపిల్‌తో తెలుసుకోవడం కరెక్ట్. 50 గ్రాములు డబ్బాలో వేసి 105 డిగ్రీల్లో 24 గంటలు పెట్టి తూచండి. ఇసుక ఎర్రనేలలో 1-2% వస్తది, రేగడిలో 6-8% కూడా రావచ్చు. చేతికి పొడిగా, దుమ్ము లేచేలా ఉన్న రేగడిలోనే అంత నీరు దాక్కుని ఉంటది, అదే 0 అనుకుంటే మొదటి పాయింటే తప్పు.

ల్యాబ్ ఓవెన్ లేకపోతే ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) సరిపోతది, కానీ డయల్‌ని నమ్మకుండా లోపల ఒక థర్మామీటర్ పెట్టి 105-110 మధ్య ఉందో లేదో చూసుకోండి, ఆ తర్వాత అందులో కేక్ చేస్తామంటే ఇంట్లో ఒప్పుకోరు. మైక్రోవేవ్‌లో అయితే రెండు మూడు నిమిషాలు, బయటికి తీసి కలిపి తూచి, మళ్లీ పెట్టి, వరసగా రెండుసార్లు బరువు మారకుండా వచ్చేదాకా చేయాలి, ఈ పద్ధతికి అల్యూమినియం డబ్బా వద్దు, గాజు గిన్నె వాడండి. పశువుల ఎరువు ఎక్కువున్న మట్టి మైక్రోవేవ్‌లో కాలిపోతది, ఆ బరువు కూడా నీళ్ల లెక్కలోకి వచ్చేస్తది. చౌడు బాగు చేయడానికి జిప్సం వేసిన నేల అయితే ఇంకో తిరకాసు, జిప్సంలో స్ఫటికంలోనే నీరు ఉంటది, 105 డిగ్రీల్లో అది కూడా బయటికి వచ్చి తేమ ఎక్కువ చూపిస్తది, అక్కడ 60 డిగ్రీల దగ్గరే ఎక్కువ సేపు ఎండబెట్టాలి.

ఎంత మట్టికి ఎంత నీళ్లు

ఎర్రనేలతో లెక్క చూద్దాం. డబ్బా 4 లీటర్లు, సాంద్రత 1.5, అంటే పూర్తిగా ఎండిన మట్టి 6 కిలోలు పట్టాలి. గాలికి ఆరిన మట్టిలో 2% తేమ ఉంది కాబట్టి మనం తూచాల్సింది 6.12 కిలోలు, అందులో 120 మి.లీ. నీరు ఆల్రెడీ ఉంది. 4 లీటర్లకి 120 మి.లీ. అంటే 3%, ఇదే మన మొదటి పాయింట్. 10% కావాలంటే మొత్తం 400 మి.లీ. ఉండాలి, 280 కలపాలి. అక్కడి నుంచి ప్రతి 5% కి 200 మి.లీ. చొప్పున పెరుగుతది. 3, 10, 15, 20, 25, చివరికి పూర్తిగా తడిసిన పాయింట్, ఎర్రనేలకి ఈ ఆరు చాలు.

అదే రేగడి, సాంద్రత 1.2, తేమ 7% అనుకుంటే పొడి మట్టి 4.8 కిలోలు, తూచాల్సింది 5.136 కిలోలు, అందులో నీరు 336 మి.లీ., అంటే ఏమీ కలపకముందే 8.4%.

ఏ నీళ్లు కలపాలంటే పొలానికి పారే నీళ్లే. ఈ చవక సెన్సార్లు తక్కువ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తాయి కాబట్టి ఉప్పు ఉంటే నంబర్ పక్కకి జరుగుతది, బోరు నీళ్లు ఉప్పగా ఉన్నచోట డిస్టిల్డ్ వాటర్‌తో క్యాలిబ్రేట్ చేసి లాభం లేదు. డ్రిప్‌లో పొటాష్ వదిలిన తర్వాత సెన్సార్ ఉన్నట్టుండి తేమ పెరిగినట్టు చూపించడానికి కారణం ఇదే, యూరియాకి వెంటనే అంత తేడా రాదు ఎందుకంటే కరిగిన వెంటనే అది ఉప్పులా అయాన్లుగా విడిపోదు.

కలపడం, ఊరబెట్టడం

మట్టిని టార్పాలిన్ మీద పరిచి నీళ్లు స్ప్రేయర్‌తో కొట్టండి, చెంబుతో పోయకండి. కొంచెం కొట్టడం, చేత్తో తిరగేయడం, మళ్లీ కొంచెం, పకోడీ పిండికి నీళ్లు చిలకరించినట్టు. ఉండలు కడితే చిదిపేయాలి, ఉండ లోపల పొడిగా ఉండి పైన తడిగా ఉంటది. ఆ తర్వాత మందపాటి కవర్‌లో వేసి గాలి తీసేసి మూతి బిగించి ఎర్రమట్టిని ఒక రాత్రి, రేగడిని రెండు రోజులు వదిలేయండి, మధ్యలో ఒకసారి కవర్ అటూఇటూ దొర్లించండి. ఈ స్టెప్ దాటేసి కలిపిన పది నిమిషాలకే రీడింగ్ తీసేవాళ్లకి ఒకే డబ్బాలో మూడు చోట్ల మూడు నంబర్లు వస్తాయి, తప్పు సెన్సార్ మీదికి పోతది.

గదిలోనే ఊరనివ్వండి. నీటి డైఎలక్ట్రిక్ విలువ వేడికి తగ్గుతది, 20 డిగ్రీల దగ్గర 80 ఉండేది 25 దగ్గరికి 78 చిల్లర అవుతది, ఎలక్ట్రానిక్స్ కూడా వేడికి జరుగుతాయి, ఎండలో కాగిన మట్టితో ఒక పాయింట్, రాత్రి చల్లారిన మట్టితో ఇంకో పాయింట్ తీస్తే లైన్ వంకర పోతది.

డబ్బాలో నింపడం

అన్నిటికంటే ఓపిక కావాల్సింది ఇక్కడే. మట్టి మొత్తం ఒకేసారి పోసి పైనుంచి అదిమితే పైన గట్టిగా, అడుగున వదులుగా ఉంటది. అందుకే గీతలు. 10% పాయింట్‌కి మట్టి, నీళ్లు కలిపి 6.4 కిలోలు, నాలుగు భాగాలు చేస్తే ఒక్కోటి 1.6 కిలోలు. మొదటి 1.6 కిలోలు పోసి చదును చేసి, గుండ్రటి చెక్కతో సరిగ్గా మొదటి గీత దాకా అదమండి. గీత దాటి కిందికి పోవద్దు, పైన ఆగిపోవద్దు. పైపొరని ఫోర్క్‌తో కొంచెం గీకి రెండో భాగం వేయండి, గీకకపోతే పొరల మధ్య సందు మిగులుతది. అట్లా నాలుగో గీత దాకా. 15% కి మొత్తం 6.6 కిలోలు, ఒక్కో పొర 1.65. నీళ్లు మారతాయి, గీతలు మారవు, మొత్తం కిటుకు అంతే.

25% దాటాక ఎర్రమట్టి బురదవుతది, అదిమితే జారిపోతది. చివరి పాయింట్‌ని అందుకే వేరేగా తీయాలి. అడుగున చిన్న చిల్లులు ఉన్న డబ్బాలో లోపల గుడ్డ వేసి, 10% మట్టిని పై పద్ధతిలో నింపి, మొత్తం డబ్బాని నీళ్ల టబ్బులో దించి రాత్రంతా వదిలేయండి, నీళ్లు కింద నుంచి పైకి ఎక్కుతూ గాలిని తోసేస్తాయి. పైనుంచి పోస్తే గాలి లోపలే ఇరుక్కుంటది. పైన మెరుపు కనిపించాక తీసి, కారే నీళ్లు కారిపోకముందే డబ్బా బయట తుడిచి తూచండి, ఖాళీ డబ్బా, తడిసిన గుడ్డ బరువు, పొడి మట్టి బరువు తీసేస్తే నీరు ఎంతో తెలిసిపోతది.

ప్రోబ్ గుచ్చడం, రీడింగ్

పీసీబీ సెన్సార్‌ని (పల్చటి సర్క్యూట్ పలకలా ఉండేది) బలవంతంగా పొడవకండి, హాక్సా బ్లేడ్‌తో సన్నగా చీలిక చేసి అందులోకి దించి రెండు పక్కల నుంచి వేళ్లతో నొక్కండి. సెన్సార్‌కి మట్టికి మధ్య వెంట్రుకంత గాలి ఉన్నా నంబర్ పొడి వైపు లాగుతది, ఎందుకంటే సెన్సార్ చూసేది తనని ఆనుకుని ఉన్న ఒకటి రెండు సెంటీమీటర్లే. స్టీల్ రాడ్లు ఉన్న ప్రోబ్ అయితే ఇంకొంచెం దూరం చూస్తది, డబ్బా గోడకి కనీసం 5 సెం.మీ. ఎడం ఉంచండి. రాడ్లు ఊపకుండా నిటారుగా దించాలి, ఊపితే కన్నం పెద్దదవుతది.

చవక పీసీబీల అంచులు నీళ్లు పీలుస్తాయి, క్యాలిబ్రేషన్‌కి ముందే అంచులకి నెయిల్ పాలిష్ గానీ ఎపాక్సీ గానీ రెండు కోట్లు వేయండి, తర్వాత వేస్తే మళ్లీ మొదటి నుంచి. కోడ్‌లో పర్సెంటేజ్ కాకుండా ముడి ఏడీసీ నంబరే (సెన్సార్ వోల్టేజ్‌ని బోర్డు మార్చి ఇచ్చే అంకె) ప్రింట్ చేయించి, వంద రీడింగుల సగటు తీసుకోండి. వైఫై వాడుతుంటే ఈఎస్‌పీ32 లో ఏడీసీ2 పిన్నులు పనిచేయవు, ఏడీసీ1 పిన్నుకే కట్టాలి. మూడు చోట్ల గుచ్చి మూడు నంబర్లు రాయండి, పాత చీలికలోనే మళ్లీ పెట్టకండి.

రీడింగ్ అవ్వగానే పైన, మధ్యలో, అడుగున తలా కొంచెం మట్టి తీసి డబ్బాల్లో వేసి ఓవెన్‌లో పెట్టండి. మనం కలిపిన నీళ్ల లెక్క అంచనా మాత్రమే, కలిపేటప్పుడు ఆవిరైంది, కవర్‌కి అంటుకుంది అన్నీ పోతాయి, గ్రాఫ్‌లో పెట్టాల్సింది ఓవెన్ నంబర్‌ని సాంద్రతతో గుణిస్తే వచ్చేది. డబ్బాలు ఓవెన్‌లోంచి తీయగానే మూత పెట్టి చల్లార్చాకే తూచండి, వేడి మీద తూకం తప్పు చూపిస్తది, మూత తీసి ఉంచితే రేగడి గాలిలో తేమ మళ్లీ పీల్చేసుకుంటది.

నల్లరేగడి సంగతి

ఇంతవరకు చెప్పిన డబ్బా పద్ధతి ఎర్రనేలకి, దుబ్బ నేలకి బ్రహ్మాండంగా పనిచేస్తది. రేగడికి సగం దాకానే. ఆ మట్టిలో ఉండే బంక రేణువులు నీళ్లు తాగి ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి, పొలంలో చెయ్యి దూరేంత నెర్రెలు అందుకే వస్తాయి. తడిగా ఉన్నప్పుడు 1.2 దగ్గర ఉండే సాంద్రత ఎండేకొద్దీ 1.5 దాకా పోవచ్చు. ఒకే సాంద్రతకి అన్ని పాయింట్లు నింపుతామంటే పొలంలో ఎప్పుడూ లేని మట్టిని మనం డబ్బాలో తయారు చేస్తున్నట్టు. పైగా తడి పెరిగాక అది ముద్ద అయిపోతది, గీతల దాకా అదమడం కుదరదు.

రేగడికి నా ఓటు పొలం పద్ధతికే. సెన్సార్‌ని పొలంలో అసలు చోటే పాతి, రెండు మంచి వానలు పడి మట్టి దాని చుట్టూ సర్దుకునేదాకా ఆగండి. పెద్ద వాన తర్వాత రెండో రోజు మొదటి పాయింట్. సెన్సార్‌కి ఒక అడుగు దూరంలో, అదే లోతులో, రెండు కోర్లు తీసి, అదే నిమిషంలో ముడి నంబర్ రాసుకోండి. రింగ్ లోపల కొంచెం నూనె పూస్తే బంకమట్టి అంటుకోదు. తర్వాత నేల ఆరేకొద్దీ వారం పది రోజులకోసారి ఇదే పని, ప్రతిసారీ కొత్త చోట, తవ్విన గుంత వెంటనే పూడ్చేయాలి లేకపోతే అటునుంచి ఆరిపోతది. వానాకాలం చివర మొదలుపెడితే సంక్రాంతిలోపు తడి నుంచి పొడి దాకా పాయింట్లు వచ్చేస్తాయి.

లెక్క కూడా సులువే. 98 సీసీ రింగ్‌లో తడి మట్టి 167 గ్రాములు, ఎండాక 123.5 అయితే నీరు 43.5 గ్రాములు, 98 తో భాగిస్తే 44%. సాంద్రత వేరుగా గుణించే పనే లేదు, ఆ రోజు మట్టి ఎంత ఉబ్బి ఉందో కోర్ దానంతట అదే చెప్పేస్తది. సెన్సార్ పక్క నుంచి నెర్రె పోయిందంటే మాత్రం ఆ రీడింగ్ కొట్టేయండి, అది గాలిని చదువుతోంది.

గ్రాఫ్

అడ్డంగా ముడి నంబర్, నిలువుగా తేమ శాతం వేసి ఎక్సెల్‌లో ట్రెండ్‌లైన్ గీయండి. ఈ కెపాసిటివ్ బోర్డుల్లో తడి పెరిగితే నంబర్ తగ్గుతది, కంగారు పడొద్దు. ఎర్రనేలకి మధ్యలో స్ట్రెయిట్ లైన్ దాదాపు సరిపోతది, రేగడికి రెండో డిగ్రీ కర్వ్ కావాలి. అంతకు మించి డిగ్రీ పెంచకండి, ఆరు పాయింట్లకి ఐదో డిగ్రీ వేస్తే లైన్ అన్ని చుక్కల మీద నుంచీ పోతది, మధ్యలో మాత్రం పిచ్చి విలువలిస్తది. ఒక పాయింట్‌ని కర్వ్‌లో కలపకుండా పక్కన పెట్టి, చివర్లో దాంతో చెక్ చేయండి, 2 పాయింట్ల లోపు తేడా వస్తే పొలంలో పెట్టుకోవచ్చు, 5 దాటితే ముందు డబ్బా నింపడం దగ్గర అనుమానించండి, సెన్సార్‌ని కాదు. కొలిచిన పాయింట్ల బయట కర్వ్ ఏం చెప్పినా నమ్మొద్దు.

ఒకే బ్యాచ్‌లో కొన్న సెన్సార్లు కూడా ఒకేలా చదవవు, ప్రతిదానికీ మొత్తం తతంగం చేయలేకపోతే 10%, 25% డబ్బాలు రెండింట్లో అన్నిటినీ వరసగా గుచ్చి తేడా రాసుకోండి. జల్లించిన మట్టి కొంత మిగిలితే గాలి తగలని డబ్బాలో వేసి, ఏ పొలం, ఏ లోతు, సాంద్రత ఎంత అని పైన రాసి ఉంచండి, వచ్చే ఏడు సెన్సార్ పాడై కొత్తది కొన్నప్పుడు మళ్లీ గడ్డపార పట్టుకుని పోకుండా ఆ మట్టితోనే రెండు పాయింట్లు తీసి చూసుకోవచ్చు.